మామయ్య తెచ్చిన జపాను పాట

మొన్న అటక మీది రేకుపెట్టె దించి మూత తీయగానే గుప్పుమని కొట్టింది వాసన. కలరా ఉండలు, ముక్కిన దూది, పాత రెగ్జిను, వీటన్నిటి అడుగున ఎక్కడో, వేడెక్కిన యాంప్లిఫయరు మీద పడి కాలిన దుమ్ము వాసన. ఆ చివరిదాన్ని నేను కళ్లు మూసుకుని కూడా గుర్తుపడతాను, ఎందుకంటే అది మా నాన్న చొక్కా వాసన. పక్కనే గొంతుక్కూచున్న మా మనవరాలు సమీరా ముక్కు మూసుకుని, "ఛీ, నానమ్మా, లోపల ఎలక చచ్చినట్టుంది" అంది. ఎలక కాదే పిల్లా, నా చిన్నతనం అందామనుకున్నాను గానీ, ఈ కాలప్పిల్లల దగ్గర అలా అంటే సినిమా డైలాగు కొట్టావంటారని నోరు మూసుకున్నాను.

పెట్టె అడుగున మా అమ్మమ్మ కుట్టిన బొంత ఉంది. దాని మడతల మధ్య నుంచి సమీరా ఒక పెద్ద అట్ట లాగింది. అట్ట మీద ఎర్రగుడ్డ తలకు చుట్టుకున్న ఒక పిల్ల చిన్న పడవలో నిలబడి లాంతరు ఎత్తి పట్టుకుని ఉంటుంది, పక్కనే మీసాల నీటికుక్క ఒకటి ముందుకాళ్లు పడవ అంచున వేసి నీళ్లలోకి చూస్తుంటుంది, పైనా కిందా అంతా జపాను రాత. సమీరా కళ్లు ఇంతయ్యాయి. "నానమ్మా, ఇది అనిమే, జపానువాళ్ల బొమ్మల కథ! ఏదో పాత సిరీస్‌లో పాటలన్నీ ఏరి ఒకచోట వేసిన ఆల్బం ఇది. తిరువూరులో, మన అటక మీద, ఇది ఎక్కడిది?" అని నా భుజం పట్టుకుని ఊపేసింది. నేను మంచినీళ్లు తెమ్మని దాన్ని వంటింట్లోకి పంపించాను.

డెబ్భైలు అయిపోవస్తున్న రోజులవి. నాకు తొమ్మిదేళ్లు. మా నాన్న పేరు సైదులు, ఊళ్లో అందరికీ మాత్రం మైకు సైదులు. మేం దూదేకులవాళ్లం, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. అమ్మ పుట్టిల్లు పరుపులూ బొంతలూ కుట్టే ఇల్లు, నాన్నేమో ఆ దూది మనకొద్దని మైకు సెట్టు పెట్టాడు. బస్టాండుకు నాలుగడుగుల దూరంలో ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్లో గోడకు తగిలించిన మైకు గొట్టాలు, చుట్టలు చుట్టిన వైర్లు, వెదురు బొంగులు, బ్యాటరీలోంచి వచ్చే పుల్లటి ఘాటు. మేరీ టీచరుగారి చర్చిలో క్రిస్మసైనా, రాములవారి పందిరైనా, మా పీర్ల పండగైనా, ఎవరింట్లో పిల్ల పెద్దమనిషైనా నాన్న గొట్టం కట్టాల్సిందే. పీర్ల పండగకు అమ్మ చేసే బెల్లం షరబత్తు గ్లాసు ఒక చేత్తో, రికార్డు ఇంకో చేత్తో పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా పాట మార్చేవాడు. రంజానుకు ఇంటి నిండా సేమ్యాలు నేతిలో వేగుతున్న వాసన వస్తుంటే, నాన్న మాత్రం ఆ పూట కూడా కొట్లో కూచుని ముల్లు మీద ఉఫ్ అని ఊది, చొక్కా అంచుతో రికార్డు తుడిచి, చెవి కాస్త వంచి వినేవాడు. పాట బాగా వస్తే ఎడమ కనుబొమ్మ పైకి లేచేది. ఆ కనుబొమ్మ కోసం మేమంతా కాచుకుని ఉండేవాళ్లం.

ఆయనకు ప్రాణం రికార్డులేసే మిషన్. ఆకుపచ్చ రెగ్జిను పెట్టె, లోపల తిరిగే పళ్లెం, పక్కన చిన్న మీట. రికార్డుల్లో రకాలుండేవి, నిమిషానికి ముప్ఫైమూడు చుట్లు తిరగాల్సినవి, నలభై అయిదు తిరగాల్సినవి, ఇంకా జోరువి. ఆ మీట జరిపితే పళ్లెం వేగం మారేది. నాన్న దగ్గరున్నవన్నీ నలభై అయిదు చిన్న రికార్డులే. లోపల రబ్బరు చక్రం అరిగిపోయి ఒకసారి గంపలగూడెం పెళ్లిలో మీట దానంతటదే కిందికి జారిందట. పెళ్లికూతురు పీటల మీదకొస్తున్న వేళ, హుషారు పాట కాస్తా ఏడుపు సాగదీసినట్టు సాగింది. మగపెళ్లివారి పెద్దమనిషి లేచి, "ఏంటయ్యా సైదులూ, పెళ్లనుకున్నావా, దినమనుకున్నావా?" అని నలుగురిలో అడిగేశాడు. ఆ పూట నాన్న ఇంటికొచ్చి అన్నం ముట్టుకోలేదు. మీటను నలభై అయిదు మీదకు నెట్టి, సందులో అగ్గిపుల్ల దూర్చి బిగించి, పైన లక్క కరిగించి పోశాడు. "ఇప్పుడు కదలమను చూద్దాం" అన్నాడు. అప్పట్నుంచి ఆ మీట జోలికి ఎవరూ పోలేదు, పోవాలన్న ఆలోచన కూడా మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

ఇక మామయ్య. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, పేరు మౌలాలి. అమ్మమ్మ పోయేనాటికి అమ్మకు పదమూడు, వాడికి ఆరు. వాడు అంటున్నానని తప్పుగా అనుకోకండి, అమ్మ నోట ఎప్పుడూ వాడే, నాకూ అదే అలవాటైపోయింది. పెద్దయ్యాక పనికోసం విశాఖపట్నం పోయాడు, కొన్నాళ్లు ఓడల్లోకి ఇనపరాయి ఎత్తాడు, ఆ తర్వాత ఆ రాయి మోసుకుని జపాను వెళ్లే ఓడలోనే వంటింటి పనికి కుదిరాడు. ఏడాదికో, ఏడాదిన్నరకో ఒకసారి వచ్చేవాడు. ఎప్పుడొచ్చినా మామిడిపళ్ల కాలానికే వచ్చేవాడు, సముద్రం మీద అన్నీ దొరుకుతాయి గానీ రసాలు దొరకవని.

ఆ ఏడూ అలాగే వచ్చాడు. విస్సన్నపేట నుంచి వచ్చే బళ్ల నిండా కాయలు, ఇంటి ముందు వరిగడ్డిలో మాగేసిన పళ్లు, ఈగలు, చెయ్యి మోచేతిదాకా కారుతున్న రసం, పెరట్లో ఆవకాయ ముక్కలు ఆరేసిన తెల్ల పంచె, దాని చుట్టూ కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతున్న నేను. మామయ్య బస్సు దిగి, ఇనపపెట్టె భుజాన వేసుకుని, ఎండకు నల్లగా మెరిసిపోతూ వచ్చాడు. అమ్మకు నైలాను చీర, నాన్నకు మడతపెట్టే గొడుగు, నాకు అయస్కాంతం మూతున్న పెన్సిలు డబ్బా. ఆ డబ్బా మూత టక్కుమని పడినప్పుడల్లా మా వీధి పిల్లలందరూ గుటకలు మింగేవాళ్లు. ఆఖరికి, రెండు లుంగీల మధ్య చుట్టిపెట్టిన ఈ అట్ట బయటికి తీసి, అమ్మ ఒళ్లో పెట్టాడు.

"ఇది నీకేనక్కా" అన్నాడు.

అమ్మకు రికార్డెందుకు? అదే అడిగింది. మామయ్య ఆవకాయ ముక్కల పక్కనే మఠం వేసుక్కూచుని చెప్పాడు. అక్కడి రేవులో ఓడ ఆగినప్పుడు వర్షాలు పట్టుకుని పది రోజులు కదల్లేదట. రేవు పక్కన ఓ కొట్టు అద్దంలో టీవీ పెట్టి ఉండేదట. టీవీ అంటే ఏంటో మాకు తెలియదు, "ఇంట్లో పెట్టుకునే సినిమా" అన్నాడు. రోజూ సాయంత్రం అందులో బొమ్మల కథ వచ్చేదట. లాంతరు పట్టుకున్న పిల్ల, దాని నీటికుక్క, రేవు నుంచి రేవుకు పోతూ దారి తప్పినవాళ్లను ఇళ్లకు చేర్చే కథ. తడుస్తూ అద్దం ముందు నిలబడుతున్న మామయ్యను చూసి కొట్టు ముసలమ్మ లోపలికి పిలిచి, పాలూ పంచదారా లేని టీ ఇచ్చి కూచోబెట్టేదట. రోజూ కథ చివర ఆ పిల్ల ఒక్కతే పడవ నడుపుకుంటూ పోతుంటే ఒక పాట వచ్చేది.

"మొదటిరోజు ఆ పాట వినగానే నాకు కాళ్లు కదల్లేదక్కా. అమ్మ బొంత కుడుతూ పాడేదే, మాటలు లేకుండా, మ్... మ్... అని, అదే. అచ్చం అదే. అమ్మే వచ్చి పక్కన కూచున్నట్టుంది. ఓడ కదిలే ముందు పోయి, ఆ కథలో పాటలన్నీ ఉన్న రికార్డు అడిగి కొనుక్కొచ్చా."

అమ్మ చేతిలో మామిడిటెంక అలాగే ఉండిపోయింది. అమ్మకు ఒక దిగులుండేది, అది మా ఇంట్లో అందరికీ తెలుసు. వాళ్లమ్మ తిట్లు గుర్తున్నాయి, చీర వాసన గుర్తుంది, వేలికి సూది గుచ్చుకుంటే నోట్లో పెట్టుకునే తీరు గుర్తుంది, ఆ పాట మాత్రం గుర్తులేదు. "వాడిని పడుకోబెట్టడానికే పాడేది, నేనేమో అప్పుడు వంటింట్లో గిన్నెల దగ్గరుండేదాన్ని. పెద్దదాన్నయ్యుండి నాకే గుర్తులేదు చూడు" అని ఎన్నిసార్లు అనుకుందో. మామయ్య ఇన్ని సముద్రాలు దాటి ఆ పాటను అక్క చెవిన వేయడానికే వచ్చాడు. ఆ రికార్డుకు ఇంకో పనేమీ లేదు.

నాన్న చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని మరీ రికార్డు పట్టుకున్నాడు. తిరువూరులో పరదేశపు రికార్డు అదే మొదటిది కదా, ఆయన గర్వం చూడాలి! పళ్లేనికి నిండా సరిపోయిన ఆ పెద్ద రికార్డు మీద, మామయ్య చూపించిన చివరి పాట దగ్గర ముల్లు పెట్టి, అక్కాతమ్ముళ్లిద్దరినీ ముందు కూచోబెట్టి, చెవి వంచాడు. పాట మొదలైంది. కిచకిచకిచమంటూ, గంతులేస్తూ, ఎవరో చిన్నపిల్ల ఒక్క గుక్కలో పాఠం అప్పజెప్పేస్తున్నట్టు పాట! నేను ఫక్కున నవ్వాను. నాన్న నవ్వాడు. అమ్మ ఆపుకోవాలని చూసింది గానీ ఆగలేదు, కొంగు నోట్లో కుక్కుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

మామయ్య ఒక్కడే నవ్వలేదు. "ఇది కాదు... ఇదే గానీ, ఇట్లా కాదు బావా. ఇంత తొందర లేదు దానికి. నెమ్మదిగా ఉంటుంది. పళ్లెం ఇంకాస్త నెమ్మదిగా తిరగాలేమో" అన్నాడు. నాన్న కనుబొమ్మ ముడిపడింది. "చిన్నపిల్లల బొమ్మల పాటకు నెమ్మదేంటయ్యా, గెంతుతూనే ఉంటుంది. మిషన్ సంగతి నాకొదిలెయ్" అన్నాడు. రికార్డు నడుమ బిళ్ల మీద ముప్ఫైమూడు అని అంకెలున్నాయి. నాన్న అంకెలు చదవగలడు. కానీ నెమ్మది అన్న మాట ఆయన చెవిన పడగానే ఆ గంపలగూడెం పెళ్లే కళ్లముందుకొచ్చి ఉంటుందని నాకిప్పుడు అనిపిస్తుంది. పైగా పెళ్లిళ్ల రోజులు, లక్క పగలగొడితే మీట మళ్లీ నిలబడుతుందన్న నమ్మకం లేదు.

అమ్మ కళ్లు తుడుచుకుని తమ్ముడి తల నిమిరింది. "పోనీలేరా. చిన్నవాడివి కదా అప్పుడు, ఏ పాటో విని అమ్మ పాటనుకున్నావు" అంది. ఎంతో ప్రేమగా అంది. ఆ మాటకు మామయ్య మొహం చూసి ఉండాల్సింది మీరు. నాన్న మాటకు కూడా అంత చిన్నబోలేదు.

ఇక మాకు పండగే పండగ. దానికి ఉడుత పాట అని పేరు పెట్టేశాం. ఎండాకాలం సెలవులు కదా, మధ్యాహ్నం పూట తొక్కుడుబిళ్ల ఆట ఆపేసి మరీ కొట్టు ముందు చేరి, నాన్న ఆ పాట వేయగానే నడుం మీద చేతులేసుకుని ఎగిరేవాళ్లం. జపాను మాటలకు మేమే తెలుగు అతికించుకున్నాం, అన్నీ పప్పూ ఉప్పూ బెల్లమే. ఎ.కొండూరు పెళ్లిలో భోజనాల వేళ నాన్న ఆ పాట వేస్తే వడ్డించేవాళ్లు కూడా గెంతారట. ఆ తర్వాత ఎవరు మైకు మాట్లాడుకోవడానికొచ్చినా, "ఆ కిచకిచల పాట కూడా తెస్తావుగా సైదులూ" అని అడిగేవాళ్లు. నాన్న కనుబొమ్మ దిగేదే కాదు.

మామయ్య మాత్రం అరుగు మీద చిన్న అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటూ, బావి దగ్గర లుంగీ ఉతుక్కుంటూ, ఆ పాటే తీసేవాడు. చాలా నెమ్మదిగా, ఒక్కో ముక్కకూ మధ్య ఆగి ఆగి. అది అమ్మ చెవిన పడ్డా, మగగొంతులో ఆమెకేమీ గుర్తొచ్చేది కాదు. నేను వెనకనుంచి పోయి వీపు మీద చరిచి, "అట్లా కాదు మామయ్యా, నీకు రాదు. ఇదిగో ఇట్లా" అని చప్పట్లు కొట్టి గబగబా పాడి చూపించేదాన్ని. "రాగం బాగానే పట్టావే, కానీ ఎందుకే దాన్ని పరిగెత్తిస్తావు, పాపం అలిసిపోదూ?" అనేవాడు. నురగ మొహంతోనే నవ్వేవాడు. నేను ఆగేదాన్ని కాదు. తొమ్మిదేళ్ల దానికి పెద్దవాళ్ల తప్పు దిద్దే అవకాశం ఊరికే దొరుకుతుందా?

ఒక మధ్యాహ్నం నాన్న పనిమీద విస్సన్నపేట వెళ్లాడు. అమ్మ పెరట్లో ఆవాలు దంచుతోంది, ఇల్లంతా ఘాటుకు కళ్లు మండుతున్నాయి. కొట్లోకి పోయి చూద్దును కదా, మామయ్య మిషన్ ముందు కూచుని, కూరల కత్తి కొస నిప్పుల మీద కాల్చి, ఆ లక్క కరిగిస్తున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడి, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. "బుజ్జీ, ఒక్క పది నిమిషాలు. ఈ పుల్ల తీసి, మీ అమ్మకు ఒక్కసారి వినిపించేస్తా. వింటే చాలు, అక్కకు గుర్తొచ్చేస్తుంది. మళ్లీ ఎట్లా ఉన్నది అట్లా పెట్టేస్తా, నీ ఉడుత పాట ఎక్కడికీ పోదు" అన్నాడు. బతిమాలాడు, అంత పెద్దవాడు, నన్ను.

నాకేం భయమేసిందో చెప్పనా? మిషన్ పాడవుతుందని కాదు. నా ఉడుత పాట మళ్లీ రాదేమోనని. అంతే. పరిగెత్తుకుంటూ బస్టాండుకు పోయాను. విస్సన్నపేట బస్సు అప్పుడే వచ్చి ఆగింది, నాన్న మెట్టు దిగకముందే, "నాన్నా, మామయ్య మన మిషన్ కత్తితో కోసేస్తున్నాడు!" అని అరిచాను. నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాడు.

నేను ఆయాసపడుతూ ఇంటికి చేరేసరికి గొడవ జరిగిపోతోంది. "ఓడలో గిన్నెలు తోముకునేవాడివి, నువ్వు నాకు మిషన్ నేర్పుతావా? నా ఇంట్లో తింటూ నా నోటి దగ్గర కూడు తీస్తావా?" నాన్న గొంతు మైకు లేకుండానే బజారంతా వినపడుతోంది. మామయ్య కత్తి కింద పెట్టాడు. లక్క ఒక అంచున కొంచెం కరిగింది, అంతే, పుల్ల అలాగే ఉంది. "అక్క కోసం బావా" అన్నాడు. అమ్మ చేతులకు ఆవపిండితో గుమ్మంలో నిలబడి, ఒకసారి మొగుడి వంక, ఒకసారి తమ్ముడి వంక చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఆ తర్వాత తన జీవితంలో ఆ నిమిషాన్ని అమ్మ ఎన్నిసార్లు తలుచుకుని ఏడ్చిందో నేను చూశాను.

ఇంకా ఇరవై రోజుల సెలవుండగానే మామయ్య తెల్లారి బస్సెక్కేశాడు. అమ్మ కట్టిచ్చిన కొత్తావకాయ జాడీ ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూచున్నాడు. నేను తల దించుకుని కింద నిలబడ్డాను. తిడతాడనుకున్నాను. కిటికీలోంచి చెయ్యి చాపి నా తల మీద పెట్టి, "రికార్డు జాగ్రత్త బుజ్జీ. ఈసారి వచ్చేటప్పుడు చిన్న మిషన్ తెస్తా, మీ అమ్మకని. బావ మిషన్‌తో పని లేకుండా" అన్నాడు. బస్సు కదిలింది. నేను క్షమించమని అడగలేదు, ఆ మాట అప్పుడు నాకు తెలియను కూడా తెలియదు.

వానాకాలంలో ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. నాన్న మేరీ టీచరుగారిని పిలుచుకొచ్చాడు. ఆవిడ నిలబడే మొత్తం ఒకసారి చదువుకుని, కళ్లజోడు తీసి, అమ్మను కూచోమంది. తుఫానులో పెద్ద అల వచ్చి మామయ్యను ఓడ మీదనుంచి లాక్కుపోయిందని, రెండు రోజులు వెతికినా దొరకలేదని. అమ్మ ఏడవలేదు. "కాదండి టీచరుగారూ, వాడికి ఈతొచ్చండి. వాగులో అటు నుంచి ఇటు ఈదేవాడండి. మళ్లీ ఒకసారి చదవండి" అంది. టీచరుగారు మళ్లీ చదివింది. అమ్మ మళ్లీ అదే మాట అంది. మూడోసారి చదవమనలేదు. ఆ ఏడు రంజానుకు మా ఇంట్లో సేమ్యాలు వేగలేదు.

అమ్మ ఆ రికార్డును అమ్మమ్మ కుట్టిన చివరి బొంతలో చుట్టి రేకుపెట్టె అడుగున పెట్టింది. వీధిలో ఏ పిల్లయినా ఉడుత పాట ఎత్తుకుంటే లేచి తలుపేసేది. నాన్న ఎవరడిగినా "ఆ రికార్డు పగిలిపోయిందండి" అనేవాడు. నేను గెంతడం మానేశాను. ఎవరూ నన్నేమీ అనలేదు, నువ్వు చెప్పబట్టే కదా అని ఒక్కరూ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

ఇంకో సంగతి. ఆ మరుసటేడు చలికాలంలో అమ్మ చుట్టాలింటికి గంపలగూడెం వెళ్లిన రోజు, బడి ఒంటిపూటైతే తొందరగా ఇంటికొచ్చాను. పట్టపగలు కొట్టు తలుపులు దగ్గరగా వేసున్నాయి. తోసి చూస్తే నాన్న ముక్కాలిపీట మీద కూచుని ఉన్నాడు, మిషన్ మూత తీసి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "దుమ్ము పడింది కంట్లో. పోయి బెల్లం పట్రా" అన్నాడు. ఇంట్లో బెల్లం ఉందంటే, "తెమ్మన్నాను కదే" అని కసిరాడు. నేను బెల్లం తెచ్చేసరికి మిషన్ మూత వేసుంది. దాని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకే అది పాతబడిందని అటకెక్కించేసి, నాన్న క్యాసెట్ల మిషన్ కొన్నాడు. ఒక్కటి మాత్రం గమనించాను, అప్పటినుంచి అమ్మ బొంత కుట్టడానికి కూచుంటే, అంత మనిషి, పక్కన చతికిలబడి సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడు.

అమ్మ పోయే ముందు జ్వరం మత్తులో, "అమ్మ ఏం పాడేదో మౌలాలిని అడగండి, వాడికి తెలుసు" అంది. కాసేపటికి తెలివొచ్చి నా చెయ్యి పట్టుకుని, "చివరిదాకా గుర్తు రాలేదే నాకు" అంది. అమ్మ కాళ్ల దగ్గర కూచున్న నాన్న ఏదో అనబోయినట్టు నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. తర్వాత రెండేళ్లకు ఆయనా పోయాడు.

ఇదంతా మొన్న సమీరాకు ముక్కలు ముక్కలుగా చెప్పాను. అది ఊరుకునే పిల్ల కాదు, అటకంతా గాలించి నాన్న మిషన్ కూడా దించి, బెజవాడ నుంచి ఒక మెకానిక్కును రప్పించింది. ఆ అబ్బాయి నిన్న మధ్యాహ్నం వరండాలో గుడ్డ పరుచుకుని, మిషన్ విప్పి, రెండు వైర్లు మార్చి, ఉండుండి తలెత్తాడు. "అమ్మగారూ, మీట కదలదన్నారు, బానే కదులుతోందండి. లోపల రబ్బరు చక్రం కూడా ఎవరో మార్చారు, చాలా ఏళ్ల కిందట. మార్చాక పెద్దగా వాడినట్టు లేరు" అన్నాడు.

నేను దగ్గరకు పోయి చూశాను. లక్క లేదు. అగ్గిపుల్ల లేదు. ఎవరో ఓపిగ్గా గీకి తీసిన గీతలు మాత్రం ఉన్నాయి. "మీట ముప్ఫైమూడు మీద ఆగుందండి. మీ రికార్డులన్నీ నలభై అయిదువే అన్నారు కదా మరి?" అన్నాడు ఆ అబ్బాయి. అవును బాబూ. మా ఇంట్లో ముప్ఫైమూడుది ఒకే ఒక్కటి ఉండేది.

నాన్నకు తెలుసు. కంట్లో దుమ్ము పడిన ఆ రోజే తెలుసు. బెజవాడ పోయి చక్రం తెచ్చుకుని, అమ్మ ఊళ్లో లేని రోజు చూసి, పెట్టె అడుగునుంచి రికార్డు తీసి, ఒక్కడే కూచుని విన్నాడు. విని, నన్ను బెల్లానికి పంపి, మళ్లీ బొంతలో చుట్టి ఎక్కడిదక్కడ పెట్టేసి, ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా అమ్మకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడు. ఒక్కసారి వినిపిస్తే నీ సొమ్మేం పోయేది నాన్నా? నీ తప్పు ఒప్పుకోవాల్సి వచ్చేదని కదూ? అమ్మ నిన్నేమీ అనేది కాదు. నాకు కోపం వచ్చింది. కాసేపటికి, బస్టాండుకు పరిగెత్తిన పిల్లెవరో గుర్తొచ్చి ఆ కోపం కూడా నాకు దక్కలేదు.

సమీరా రికార్డు పెట్టి, నేను చెప్పినట్టు ముల్లును చివరి పాట మీద దించింది. చిన్నపిల్ల గొంతు కాదది. నడివయసు ఆడమనిషి గొంతు, లోతుగా, అలిసిపోయి, తొందరేమీ లేకుండా. ఒక ముక్క పాడి ఆగుతుంది, బొంతలోంచి సూది పైకి లాగి దారం బిగించడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, మళ్లీ అందుకుంటుంది. అరుగు మీద అద్దం, మొహాన నురగ, ఆగి ఆగి పాడుతున్న మామయ్య. ఒక్క ముక్క తేడా లేదు. నేను వీపు మీద చరిచి, నీకు రాదు అన్న పాట అదే. సమీరా మెల్లగా, "ఇది జోలపాట నానమ్మా" అంది.

ఇప్పుడు ఊళ్లో మైకు సెట్టు కొట్టు ఒక్కటీ లేదు, పెళ్లికి డీజేలొచ్చాయి. మా కొట్టున్న చోట సెల్‌ఫోన్లకు అద్దాలు అంటించే షాపుంది. బొంతలు కుట్టేవాళ్లు లేరు, ముల్లు మీద ఉఫ్ అని ఊది చెవి వంచే మనిషి లేడు, రసాల కాలానికి సముద్రం దాటి వచ్చే మనిషీ లేడు. పాట అయిపోయి ముల్లు చివర కర్ర్ కర్ర్‌మని గీసుకుంటుంటే సమీరా ఎత్తబోయింది, వద్దన్నాను. అమ్మమ్మ కుట్టిన బొంత ఒళ్లోకి లాక్కుని, ఖాళీ వరండా వంక చూసి, "అమ్మా, మామయ్య చెప్పింది నిజమేనే" అని పైకే అన్నాను. ఆ మాట వినాల్సిన వాళ్లు ఒక్కరూ మిగల్లేదు.